సాక్షి సీటు

మే 6

ఊరి బావి నీళ్లలో ఉప్పు కొలవడం నా పని. ఈ ఉదయం అది కాస్త తగ్గింది. తాగవచ్చని పచ్చజెండా కట్టి ఇంటికి వచ్చేసరికి అక్క వాకిట్లో కుర్చీ వేసుకుని ఒక ఉత్తరం చదువుతోంది. తీరాంధ్ర వాహన సంఘం నుంచి వచ్చింది. సభ్యులు తగ్గిపోయారట. ఈ నెలాఖరుతో సంఘం మూసేస్తారట. ఈలోగా వేరే సంఘంలో చేరమని సలహా.

"ముప్పై ఎనిమిదేళ్లు ఉన్నాను. ఒక్క కాగితంతో సరిపెట్టేశారు చూడు" అంది అక్క.

బీమా అమ్మే కంపెనీలు మా చిన్నతనంలోనే పోయాయి. ఇప్పుడు ఏదో ఒక సంఘంలో సభ్యత్వం ఉంటేనే బండికి బీమా. బీమా లేని బండికి ఛార్జింగ్ స్తంభం కరెంటివ్వదు. జూన్ ఒకటికల్లా మాకు కొత్త సంఘం కావాలి.

అక్క పేరు చార్విత. అరవై ఎనిమిదేళ్లు. పెళ్లి చేసుకోలేదు. నా భార్య పోయాక నేను ఆమె దగ్గరికి వచ్చేశాను. పాత చీరాలను సముద్రం తీసుకున్నాక కట్టిన ఈ కొత్త చీరాలలో స్వయంగా స్టీరింగ్ పట్టి బండి నడిపేవాళ్లు ఆరుగురే మిగిలారు. వాళ్లలో అక్క ఒకతె. అది సరదా కాదు. మంగళ, శుక్రవారాల్లో కరకట్ట అవతలి ఉప్పుపాలెం వెళ్లి, అక్కడి మరియమ్మ కూతురు దీవెనను పెద్దాసుపత్రికి తీసుకురావాలి. దీవెనకు ముప్పై ఒకటి. రెండు మూత్రపిండాలూ పనిచేయవు. వారానికి రెండుసార్లు రక్తం శుభ్రం చేయించుకోవాలి. తమంతట తాము నడిచే బండ్లు ఉప్పుపాలెం వెళ్లవు. ప్రతి తుఫానుకూ ఆ దారి మారిపోతుంది కాబట్టి అది ఏ మ్యాపులోనూ లేదు.

మే 9

పొద్దున్నే 'నిశ్చింత' సంఘం ఆఫీసుకు వెళ్లాం. మాతో మాట్లాడిన అమ్మాయి పేరు కుశల. మంచి పిల్ల. చల్లటి మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది.

"స్టీరింగ్‌కి సీలు వేస్తామండీ. బండే అంతా చూసుకుంటుంది. అమ్మగారు వెనక కూర్చుని హాయిగా ఓ కునుకు తీయొచ్చు. మా సభ్యులు ఏడు లక్షల మంది. నిరుడు ఒక్కరికి కూడా పెద్ద దెబ్బ తగల్లేదు" అంది.

"ఉప్పుపాలెం వెళ్తుందా?" అని అక్క అడిగింది.

ఆ పిల్ల తెరమీద వెతికింది. మొహం చిన్నబోయింది. "కరకట్ట దాకా వెళ్తుందమ్మా. అక్కడి నుంచి మూడు కిలోమీటర్లు నడవాలి."

"రక్తం శుభ్రం చేయించుకుని వచ్చిన మనిషి ఎండలో మూడు కిలోమీటర్లు నడుస్తుందా?"

కుశల తల అడ్డంగా ఊపింది. అబద్ధం చెప్పనందుకు ఆమె మీద నాకు గౌరవం కలిగింది.

మే 12

రెండో సంఘం పేరు 'చేయూత'. పాత బియ్యం మిల్లులో ఉంది. సభ్యులు మూడు వందల పన్నెండు మందేనట, అందరూ చేత్తో నడిపేవాళ్లే. కార్యదర్శి విహాన్ గారికి డెబ్బై దాటి ఉంటాయి. ఒక కాలు ఈడుస్తూ నడుస్తారు.

"మా దగ్గర సూత్రం ఒకటేనమ్మా" అన్నారు. "మన సభ్యుడి బండి వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ మనిషి మనందరి బాధ్యత. ఎవరి తప్పని ముందు అడగం. ముందు మనిషిని చూసుకుంటాం, ఆ తర్వాతే తప్పొప్పులు."

అరవై అయిదు దాటినవాళ్లకు మాత్రం ఒక సాక్షి ఉండాలి. ప్రతి ప్రయాణంలో పక్క సీట్లో కూర్చోవాలి. చూసింది చూసినట్టు ఒక పుస్తకంలో రాయాలి. పుస్తకం ఇంట్లోనే ఉంటుంది, సంఘం అడిగితే చూపాలి. నెలకోసారి మాత్రం ఒక చీటీ పంపాలి. అందులో రెండే గళ్లు. 'నడపగలరు', 'నడపలేరు'.

విహాన్ గారు నావైపు తిరిగారు. "మీకు బండి నడపడం వచ్చా?"

"రాదండీ."

"పక్కన కూర్చుంటే భయం వేస్తుందా?"

"వేస్తుంది."

"అయితే మీరే సరైన సాక్షి" అన్నారాయన.

మే 13

రెండు సంఘాల కాగితాలూ నేలమీద పరుచుకుని కూర్చున్నాం. నాకు నిశ్చింతే మంచిదనిపించింది. అదే చెప్పాను. అక్కకు వయసు మీద పడుతోంది, దీవెన కోసం ఇంకేదైనా దారి చూద్దాం అన్నాను.

"ఏ దారి?" అంది అక్క. "చెప్పు, చూద్దాం."

 చేయూతలో చేరాం. సాక్షిగా నేను సంతకం పెట్టాను. ముందు నుంచి రాస్తున్న ఈ పుస్తకమే సాక్షి పుస్తకం అయింది.

జూన్ 3

కొత్త సంఘం బిళ్ల అంటించుకుని మొదటి ప్రయాణం. అయిదింటికి బయలుదేరాం. కరకట్ట దిగగానే రెండువైపులా పీతల చెరువులు, మధ్యలో బండి పట్టేంత మట్టిదారి. అక్క చక్కగా నడిపింది. నేను తలుపు పిడిని వదల్లేదు.

దీవెన తల్లి మరియమ్మ ఎప్పటిలాగే టిఫిన్ డబ్బాతో నిలబడి ఉంది. మాకు ఇడ్లీ, కూతురికి ఉప్పు లేని ఉప్మా.

"బాబాయ్, నువ్వొచ్చావేంటి?" అంది దీవెన నన్ను చూసి.

"సాక్షిని" అన్నాను.

"దేనికి సాక్షి?"

"మీ పెద్దమ్మ బండి ఎలా నడుపుతుందో రాయాలి."

"అయితే రాసుకో. మా పెద్దమ్మ రాజహంసలా నడుపుతుంది" అని పకపకా నవ్వింది. అలాగే రాస్తున్నాను.

జూన్ 20

ఆసుపత్రి గేటు దగ్గర ఎడమవైపు స్తంభానికి అద్దం తగిలింది. చిన్న గీత. "ఈ స్తంభం ఎప్పుడు పెట్టారు?" అంది అక్క. నాకు తెలిసి అది గేటు కట్టినప్పటి నుంచీ అక్కడే ఉంది.

జూన్ 30

మొదటి చీటీ పంపాను. నడపగలరు.

జులై 11

ఎడమ నుంచి ఒక మేక అడ్డం వచ్చింది. నేను అరిచాను. నేను అరిచాకే అక్క బ్రేకు తొక్కింది. మేక తప్పించుకుంది. "అరవకు, చూశాను" అని విసుక్కుంది. చూడలేదు. అది నాకు తెలుసు.

వెనక నుంచి దీవెన అడిగింది. "ఏమైంది బాబాయ్?" నేను ఏమీ లేదన్నాను.

జులై 15

పొద్దున వంటింట్లో అక్కకు ఎడమవైపు గ్లాసు పెట్టాను. నీళ్లు కావాలని అడిగింది. పక్కనే ఉంది కదా అన్నాను. అప్పుడు తల పూర్తిగా తిప్పి చూసింది. "కనబడలేదురా" అని నవ్వేసింది. నేనూ నవ్వాను. అడగాల్సింది అప్పుడే. ఆమె నవ్వు చూసి అడగలేకపోయాను.

జులై 31

చీటీ ముందు పెట్టుకుని అరగంట కూర్చున్నాను. రెండో గడిలో టిక్కు పెడితే చాలు. అక్క చేతిలోంచి స్టీరింగ్ పోతుంది. దీవెనకు ఆసుపత్రి పోతుంది. చేయూతలో ఉప్పుపాలెం దారి తెలిసిన మరో సభ్యుడు ఎవరైనా ఉన్నారా అని విహాన్ గారిని ఫోనులో అడిగాను. "మార్టూరు నుంచి ఒకాయన రాగలడేమో, కనుక్కోవాలి, నెల పడుతుంది. ఎందుకు, ఏదైనా ఇబ్బందా?" అన్నారు.

"ఊరికే అడిగానండీ" అన్నాను.

నడపగలరు అని పంపాను.

ఆగస్టు 5

దీవెన ఇవాళ ముందు సీట్లో కూర్చుంటానంది. సాక్షి సీట్లో ఇంకెవరూ కూర్చోకూడదని నేను చెప్పాను. "అయితే బాబాయ్ పెద్ద ఆఫీసరన్నమాట" అని వెనక ఎడమవైపు కూర్చుంది. తిరిగి వచ్చేటప్పుడు బాగా నీరసపడింది. అయినా దారిపొడుగునా మాట్లాడుతూనే ఉంది. తనకు మూత్రపిండ మార్పిడి ఆపరేషన్ జాబితాలో నలభై ఒకటో నంబరు వచ్చిందట. "ఇంకో రెండేళ్లు లాక్కొస్తే చాలు పెద్దమ్మా" అంది. అక్క అద్దంలో ఆమెను చూస్తూ తల ఊపింది.

ఆగస్టు 19

రాయాలని లేదు. అయినా రాయాలి.

ఆసుపత్రిలో ఆలస్యమైంది. పన్నెండింటికి ఎండ సైరన్ మోగాక నాలుగు దాకా రోడ్డు మీద ఎవరూ ఉండకూడదు. సైరన్‌కు ముందే దీవెనను ఇంటికి చేర్చాలని అక్క కొంచెం వేగం పెంచింది. రాత్రి వానకు మట్టిదారి ఎడమ అంచు కోసుకుపోయి ఉంది. నాకు ముందే కనిపించింది. అక్క కుడికి తీస్తుందిలే అనుకున్నాను. మేక రోజున అరిస్తే విసుక్కుందని, ఈసారి ఒక్క క్షణం ఆగాను. ఆ ఒక్క క్షణమే.

ఎడమ చక్రాలు జారాయి. బండి పీతల చెరువులోకి ఒరిగింది. లోతు లేదు, నడుము దాకానే నీళ్లు. అక్కకు, నాకు గీతలు తప్ప ఏమీ కాలేదు. దీవెన వైపు తలుపు నలిగిపోయింది. ఆమె ఎడమ చేయి అందులో ఇరుక్కుంది.

రక్తం శుభ్రం చేయడానికి డాక్టర్లు ఆ చేతిలోనే నరాలు కలిపి పెట్టారు. వారానికి రెండుసార్లు సూది గుచ్చేది ఆ చేతికే.

చెరువు కాపలావాళ్లు పరుగెత్తుకొచ్చి లాగారు. దీవెన ఏడవలేదు. "పెద్దమ్మా, నీకేం కాలేదు కదా?" అని అడిగింది.

ఆగస్టు 22

చేయి పనికిరాదని డాక్టర్లు తేల్చారు. మెడ దగ్గర గొట్టం పెట్టి రక్తం శుభ్రం చేస్తున్నారు. విహాన్ గారు తెల్లవారగానే వచ్చారు. ఆసుపత్రి పనులన్నీ సంఘమే చూసుకుంటోంది. చేయూత సభ్యులు వంతులేసుకుని మరియమ్మకు తోడు కూర్చుంటున్నారు. మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు.

ఆగస్టు 29

మెడ గొట్టం దగ్గర చీము పట్టింది. దీవెనకు జ్వరం. మమ్మల్ని చూసి నవ్వబోయింది. మరియమ్మ మంచం అవతలివైపు తిరిగి కూర్చుంది.

సెప్టెంబరు 2

దీవెన ఇవాళ ఉదయం ఎనిమిదింటికి చనిపోయింది.

సెప్టెంబరు 8

సంఘం కబురు చేసింది. పదో తేదీన సభ్యులు కూర్చుంటారు. సాక్షి పుస్తకం తీసుకురావాలి.

అక్క స్నానానికి వెళ్లినప్పుడు పుస్తకం తీసి చదువుకున్నాను. స్తంభం, మేక, గ్లాసు, చీటీ. అన్నీ నా రాతలోనే ఉన్నాయి. ఈ పేజీలు చింపేయడం ఎంతసేపు? పేజీ అంచు పట్టుకున్నాను కూడా. వెనక్కి తిరిగితే అక్క తడి జుట్టుతో నిలబడి ఉంది.

"ఇలా ఇవ్వు" అంది.

గుమ్మంలో వెలుతురు దగ్గర కూర్చుని, పుస్తకాన్ని మొహానికి సూటిగా పట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా చదివింది. చాలాసేపు పట్టింది.

"నీకు జూన్ నుంచే తెలుసా?"

"అనుమానం."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మానేస్తావు. దీవెన..." 

అక్క పుస్తకం ఒళ్లో పెట్టుకుంది. "నాకు మార్చిలోనే తెలుసురా. కళ్ల డాక్టరు చెప్పాడు, నీటికాసులని. పక్క చూపు పోతుంది, సూటిగా మాత్రం కనిపిస్తుంది అన్నాడు. చుక్కలు వేసుకుంటున్నాను. నీకు తెలియకూడదని చుక్కల మందు సీసా బియ్యం డ్రమ్ములో దాచాను."

"ఎందుకక్కా?"

"చెబితే నువ్వు మాన్పించేస్తావని."

ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే కంచం ముందు కూర్చుని, ఒకరికొకరు తెలియకుండా ఒకే సంగతి దాచుకున్నాం. ఇద్దరిలో ఎవరు నోరు విప్పినా దీవెన ఇప్పుడు ఉండేది. బహుశా. మార్టూరు ఆయన ఒక నెలలో వచ్చేవాడు.

అక్క ఒక్క పేజీ కూడా చింపనివ్వలేదు.

సెప్టెంబరు 10

బియ్యం మిల్లులో నలభై మంది దాకా కూర్చున్నారు. మరియమ్మను కూడా పిలిచారు. మూలన బల్ల మీద కూర్చుంది. విహాన్ గారు పుస్తకం పైకి చదివారు. 'రాజహంసలా నడుపుతుంది' దగ్గరికి వచ్చేసరికి మరియమ్మ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చదవడం అయ్యాక ఆయన నన్ను అడిగారు. "జులై చీటీలో నడపగలరని ఎందుకు పెట్టారు?"

"భయం వేసింది" అన్నాను.

"దేనికి?"

"మా అక్క మొహం చూడాలంటే."

నాకు అదొక్కటే నిజమనిపించింది. దీవెన ఆసుపత్రి గురించి రాసినవన్నీ నిజమే గానీ, వాటికింద ఉన్నది ఇదే.

ఒక ముసలాయన లేచి, తెలిసి దాచినవాళ్ల కోసం సంఘం ఎందుకు నిలబడాలి అన్నాడు. విహాన్ గారు అన్నారు, "మనం నిలబడింది మరియమ్మ గారి కోసం. అది మారదు. వీళ్ల సంగతి వేరు." మరియమ్మ బతికినన్నాళ్లూ సంఘమే ఆమెను చూసుకుంటుందని తీర్మానం రాశారు. అక్క సభ్యత్వం రద్దయింది. నేను ఇక ఎవరికీ సాక్షిగా ఉండటానికి వీల్లేదు. రెండూ సరైనవే.

బయటికి వస్తుంటే అక్క మరియమ్మ ఎదుట ఆగింది. చేతులు జోడించింది. మరియమ్మ చాలాసేపు ఆమె చేతులనే చూసింది.

"మీరు లేకపోతే నా బిడ్డ మూడేళ్ల కిందటే పోయేది చారక్కా. అది నాకు తెలుసు" అంది. "కానీ మీ మొహం చూడలేకపోతున్నాను. ఏమనుకోకండి."

సెప్టెంబరు 16

నిశ్చింత నుంచి కుశల ఫోను చేసింది. బండి బాగుచేయించుకున్నాక తమ సంఘంలో చేరవచ్చనీ, స్టీరింగ్ సీలు వేయడానికి మనిషిని పంపుతాననీ చెప్పింది. ఆలోచించుకుంటామన్నాను. అక్క పడక దిగడం లేదు.

అక్టోబరు 2

పొద్దున్న ఏడింటికి మరియమ్మ మా వాకిట్లో నిలబడి ఉంది. కరకట్ట దాకా నడిచి, అక్కడి నుంచి ఉప్పు లారీ ఎక్కి వచ్చిందట. కాళ్ల నిండా ఎండిన బురద. మంచినీళ్లు ఇస్తే తాగింది గానీ లోపలికి రాలేదు.

"చారక్కని పిలవండి" అంది.

అక్క గోడ పట్టుకుని వచ్చింది.

"నాకు బండి నేర్పండి" అంది మరియమ్మ.

మాకు అర్థం కాలేదు.

"మా పేటలో ఇంకా ముగ్గురికి ఇదే రోగం. మా ఉప్పునీళ్లు తాగి తాగి వస్తోందంట. మార్టూరాయన రెండుసార్లు వచ్చి, ఆ దారి నా వల్ల కాదన్నాడు. మా దారి మాకు తెలుసు. చేయూతోళ్లని అడిగాను. నేర్చుకుంటే చేర్చుకుంటామన్నారు. నాకు యాభై ఆరే, సాక్షి అక్కర్లేదంట."

"నా దగ్గరా నేర్చుకుంటావు?" అంది అక్క. 

"ఇంకెవరికొచ్చు? చేత్తో నడిపేవాళ్లు ఎక్కడున్నారు? క్షమించి వచ్చాననుకోకండి. అది నాకు చేతకాదు. నేర్పుతారా, లేదా?"

అక్క లోపలికి వెళ్లి చీర మార్చుకుని వచ్చింది.

అక్టోబరు 21

బండి బాగుచేయించాం, మరియమ్మ నేర్చుకునేదాకా దానికి చేయూతే బీమా ఇచ్చింది. రోజూ పొద్దున రెండు గంటలు, ఎండిన ఉప్పుమడుల్లో. మరియమ్మ స్టీరింగ్ దగ్గర, అక్క ఎడమ సీట్లో. బండిలో నాకు చోటు లేదు, ఉండకూడదు కూడా. గట్టు మీద కూర్చుంటాను.

ఇద్దరూ బండి గురించి తప్ప ఇంకేమీ మాట్లాడుకోరు. అక్కకు పక్కలు కనిపించవు కాబట్టి చెవులతో నేర్పుతోంది. చక్రం కింద మట్టి చప్పుడు మారితే చెబుతుంది. "విన్నావా, మెత్తబడింది. కుడికి తియ్యి." మరియమ్మ తీస్తుంది. మొదటి వారం ప్రతిసారీ ఆపేసి, స్టీరింగ్ మీద తల ఆనించి కూర్చునేది. అక్క ఎదురుచూసేది. ఇప్పుడు అంతగా ఆగడం లేదు.

బండిని ఉప్పుపాలెం పేరున మార్చేశాం. కుశలకు ఫోను చేసి మాకు ఇక ఏ సంఘమూ అక్కర్లేదని చెప్పాను.

నవంబరు 4

మరియమ్మ నిన్న చేయూత పరీక్షలో నెగ్గింది. ఇవాళ మొదటిసారి పక్కన అక్క లేకుండా, ముగ్గురు రోగులతో ఆసుపత్రికి వెళ్లి తిరిగి వచ్చే రోజు. చూడాలని అక్క పట్టుబట్టింది. పాల బండిలో వచ్చి కరకట్ట మీద నిలబడ్డాం.

పదకొండింటికి బండి వచ్చింది. మా ముందు నుంచే కట్ట దిగింది. మరియమ్మ మావైపు చూడలేదు. మట్టిదారి ఎక్కి నెమ్మదిగా వెళ్లింది. కొంతదూరం వెళ్లాక ఆగింది.

"చప్పుడు ఆగిపోయింది. ఏమైంది?" అక్క నా చేయి పట్టుకుంది. ఇప్పుడు అంత దూరం ఆమెకు ఆనదు.

"ఆపింది."

"ఎక్కడ?"

చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం అనిపించింది. చెప్పేశాను. "చెరువు దగ్గర. మనం పడిన చోట."

"దిగిందా?"

"లేదు. లోపలే కూర్చుంది."

మేం అలాగే నిలబడ్డాం. ఎండ ముదురుతోంది. చెరువు మీద కొంగలు వాలి మళ్లీ లేచాయి. ఎంతసేపో తెలియదు గానీ బండి మళ్లీ కదిలింది. కోసుకుపోయిన అంచును వదిలి బాగా కుడికి తీసి, వంపు తిరిగి, గుడిసెల మధ్య కనిపించకుండా పోయింది.

"వెళ్లిపోయింది" అన్నాను. "చక్కగా తీసింది."

అక్క కట్ట మీదే చతికిలబడింది. దీవెన పోయినప్పటి నుంచి ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. ఇప్పుడు గట్టిగా, చిన్నపిల్లలా, వెక్కి వెక్కి ఏడ్చింది. సైరన్ మోగేదాకా ఆమె పక్కనే కూర్చున్నాను.